తడిచొక్కా గారి అక్క

తడిసిన చొక్కా మార్చుకోకపోవడం తన నిరాడంబరత అని ఆయన నమ్మకం. ఇంకో చొక్కా లేక కాదు. పనిగదిలో మేకుకి ఉతికిన చొక్కా ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. పొద్దుటి పరీక్ష అయ్యాక దాని వంక కూడా చూడకుండా, మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా ప్యాకింగు హాలంతా ఒక చుట్టు చుట్టి, మెట్లెక్కి ఆఫీసులోకి వెళ్ళి, అక్కడ ఎవరికీ అక్కర్లేని మాట ఒకటి చెప్పి, మళ్ళీ దిగి వచ్చేవాడు. "మనకెందుకండీ ఈ సోకులు? పనిచేసేవాడికి తడేంటి, పొడేంటి" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా. ఆయన నడిచిన దారంతా తుడవాల్సి వచ్చే ఆవిడకి మాత్రం ఈ నిరాడంబరత మీద వేరే అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయాన్ని ఆవిడ చీపురుతో చెప్పేది.

అందరూ ఆయన్ని తడిచొక్కా గారనే పిలిచేవారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరుని ఆయన బిరుదులా పుచ్చుకున్నాడు.

అది ఒళ్ళు తగ్గించే మూలికల పొడి తయారుచేసే చోటు. ఆకులు, వేళ్ళు, బెరళ్ళు బస్తాల్లో వచ్చేవి. అవి మరకి ఎక్కే ముందు అసలువో నకిలీవో తేల్చి చెప్పడం ఆయన ఉద్యోగం. తేల్చే పద్ధతి చాలా సులువు. బస్తాలోంచి చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుంటే, ఆ మొక్క ఏ నీళ్ళు తాగి పెరిగిందో ఆ నీళ్ళు ఆయన మీద పడేవి. వాన నీళ్ళతో పెరిగిందైతే నెత్తిన వాన. కాలవ కింద పెరిగిందైతే పాదాల దగ్గర మొదలై మోకాళ్ళ దాకా వచ్చి ఆగేది. ఎవరో తోడిపోసి పెంచుకున్నదైతే ఒక్కసారిగా బకెట్టు బోర్లించినట్టు, గుండె ఝల్లుమనేలా పడేది. సుద్దపొడికి రంగేసి అమ్మితే చుక్క కూడా రాలేది కాదు. ఫ్యాక్టరీ మందేదైనా కలిపితే ఒక భుజం తడిసి ఇంకోటి పొడిగా ఉండిపోయేది. కొండ మీద తప్ప పెరగదని చెప్పి ఒకడు అంటగట్టబోయిన ఆకుకి ఆయన మీద మురిక్కాలవ నీళ్ళు పడ్డాయి. ఆ రోజు ఒక్కనాడు మాత్రం ఆయన చొక్కా మార్చుకున్నాడు.

ఇందులో ఎవరికీ వింతేమీ తోచలేదు. పనిగదికి వాలుగా గచ్చు చేయించి మూలన తూము పెట్టించారు, అంతే. గోడ చెమ్మగిల్లుతోందని పక్కగది లెక్కల గుమాస్తా సణిగేవాడు. "ఈ పూట వానాకులు ఎక్కువ పెట్టుకోకండి, జలుబు చేస్తుంది" అని యజమాని అప్పుడప్పుడూ దయతలిచేవాడు.

ఆయన ఏ బళ్ళోనూ ఈ విద్య చదువుకోలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, తనకి తనే పాఠం చెప్పుకుని, తనకి తనే పరీక్ష పెట్టుకున్నాడు. అందుకే ఏ పరీక్షా తప్పలేదు.

పొడి డబ్బా మీద ఆయన బొమ్మ ఉండేది. తడిసి ముద్దయిన చొక్కా, నుదుటి మీద అతుక్కుపోయిన నాలుగు వెంట్రుకలు. కింద ఒకే మాట: "తడిసి చెబుతున్నాను, ఇది అసలైనది." ఆ మాటలో రవ్వంత అబద్ధం లేదు. లేదు కాబట్టే యజమాని దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

ఒకసారి ముందుగదిలో అమ్మకాల బల్ల దగ్గరికి ఒకావిడ ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది.

"మీరేగా డబ్బా మీద ఉన్నది? చూడండి, నా నడుం ఎక్కడుందో అక్కడే ఉంది. ఇది అసలు పనిచేస్తుందా?"

"ఏమ్మా, నకిలీదనుకుంటున్నారా?" తడిచొక్కా గారి ముఖం మాడిపోయింది.

"అది కాదండీ, పని..."

ఆవిడ మాట పూర్తయ్యేలోపే ఆయన కొత్త డబ్బా మూత తీసి చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఎక్కడెక్కడి కొండల మీది వానలన్నీ కలగలిసి బల్ల ముందు దబదబా కురిశాయి. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. నీళ్ళోడుతూ ఆయన చేతులు చాచాడు.

"చూశారుగా తల్లీ. ఇంకేం కావాలి?"

పాపం ఆవిడకి ఇంకేం కావాలో చెప్పడానికి నోరు రాలేదు. "అయ్యో, ఏమీ అనుకోకండి" అని ఇంకో డబ్బా పట్టుకుపోయింది. అసలుదా అన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న అన్న సంగతి ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఆవిడ ఒక్కదానికే తట్టింది. తడిసిన మనిషిని చూసి అదీ మర్చిపోయింది.

ఆయనకో అక్క ఉంది. వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, బిగుతైన బట్టలు వదులు చేయడం, వదులైనవి బిగించడం ఆవిడ పని. చిన్నప్పట్నుంచీ భారీ మనిషి. ఎండలో నడిచేటప్పుడు తమ్ముణ్ణి తన నీడలో నడిపించుకుంటూ, "నీకు గొడుగు కొనక్కర్లేకుండా పుట్టానురా" అనేది. బస్సులో ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వెళ్ళేవారు. ఆవిడ నవ్వేసేది. ఇంటికొచ్చాక మాత్రం మిషను కాస్త గట్టిగా తొక్కేది. ఆ తేడా తమ్ముడికి తెలుసు.

అందుకని ఒక సాయంత్రం ఆయనే ఒక డబ్బా తీసుకెళ్ళి మిషను బల్ల మీద పెట్టాడు.

"పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు కలుపుకుని తాగు. బయటివాళ్ళ మాటెందుకు, నీ తమ్ముడు తడిసి ఒప్పుకున్న సరుకు."

అక్క డబ్బా మీది బొమ్మ చూసింది. "నువ్విలా దిగాలుగా ఉన్నావేంట్రా? ఎవరో నూతిలోంచి తీసినట్టున్నావు."

"దిగులు కాదక్కా, గాంభీర్యం."

"ఓహో. నాకు తెలీలేదులే."

మర్నాటి నుంచి ఆయన పనిగదిలోంచి రోజూ అక్కకి ఫోను చేసేవాడు.

"కలిపావా?"

"కలిపానురా."

"తాగావా?"

"లేదు, పారబోశాను."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆయన ఫోను పెట్టేసి బస్తాల మీద పడేవాడు.

కొన్నాళ్ళకి అక్క చిక్కడం మొదలైంది.

మొదట బుగ్గలు దిగాయి. తర్వాత మెడ కనిపించింది. ఆవిడకి మెడ ఉందన్న సంగతి తమ్ముడికి అప్పుడే తెలిసింది. వేలికి బిగిసిపోయి సబ్బు రాసినా ఊడని ఉంగరం దానంతటదే జారి మిషను కింద పడింది. తన గౌన్లన్నీ తనే బిగించుకుంది. కుట్టు విప్పి, రెండు పక్కలా లోపలికి మడిచి, గుండుసూదులు గుచ్చి, మళ్ళీ కుట్టేది. కొన్నిసార్లు ఆ కుట్టు రంగు మాసేలోపే ఇంకోసారి విప్పాల్సొచ్చేది. వీధిలో ఆడవాళ్ళు ఆపి మరీ అడిగారు. జీవితంలో మొదటిసారి జనం ఆవిడ ఒంటి గురించి ఆవిడ ముఖం మీదే మంచి మాట అన్నారు.

"మా తమ్ముడి పొడి" అనేది అక్క.

తమ్ముడు తబ్బిబ్బయిపోయాడు. వారం వారం వెళ్ళి అక్కని గుమ్మంలో నిలబెట్టి, అటు తిరుగు, ఇటు తిరుగు అని చూసి మురిసిపోయేవాడు. ఒక కళాకారుడు తను చెక్కిన బొమ్మని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఆ ఉలి ఎవరి చేతిలో ఉందో అడగాలని ఆయనకి తోచలేదు.

బావకి తోచింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని రోజంతా చిన్న చిన్న చక్రాల్లోకి చూసేవాడు కాబట్టి మాటలు తక్కువ. ఆ రోజు మాత్రం భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"బామ్మర్దీ, మీ అక్క నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయిందంటోంది. కంచంలో సగం వదిలేస్తోంది."

"ఆకలి చంపడం దాని గుణం బావా. పుస్తకంలోనే ఉంది."

"మధ్యాహ్నం మిషను మీద తల పెట్టుకుని నిద్రపోతోంది."

"ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు నీరసం సహజం."

"మొన్న ఊరికే వాంతి..."

"లోపలి చెడంతా పోవాలి కదా బావా! నువ్వు ఊరికే బెంగపెట్టుకోకు. ఇవన్నీ పనిచేస్తున్న లక్షణాలు."

బావ మళ్ళీ భూతద్దం బిగించుకున్నాడు. పొడి గురించి తనకేం తెలుసు? తడిసేది తను కాదు కదా.

అక్క చిక్కిందన్న కబురు యజమాని చెవిన పడేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సొంత అక్కగారా! ఇంతకాలం నా దగ్గర దాచారా తడిచొక్కా గారూ? రేపే ఫోటోలాయన్ని పంపిస్తాను. పాత గౌను తొడుక్కుని నడుం దగ్గర ఇలా లాగిపట్టుకుని నిలబడితే చాలు. కొత్త డబ్బా మీద అక్కాతమ్ముళ్ళిద్దరూ!"

అక్క మొదట ససేమిరా అంది. "నా ముఖం డబ్బాల మీదెందుకురా, జనం మూత తీయడానికి భయపడతారు" అంది. కానీ తమ్ముడి ముఖం చూసి పెట్టెలోంచి పాత గౌను తీసింది.

ఫోటోలాయన వెలుతురు బాగుందని వాళ్ళని వెనక పెరట్లోకి తీసుకెళ్ళాడు. వంటగది కిటికీ కింద, గిన్నెలు కడిగే గట్టు పక్కన, పాత బేసినులో పుదీనా ఉంది. మామూలు పుదీనా కాదు. మోకాలెత్తున, బేసిను అంచులు దాటి నాలుగు పక్కలకీ పడగలెత్తి, అరచేతులంత ఆకులతో ఉంది. అక్క లోపల గౌను తొడుక్కుంటోంది. బావ కుర్చీ సర్దుతున్నాడు. ఖాళీగా నిలబడటం తడిచొక్కా గారి వల్ల కాదు. కొత్త మనిషి ఎదురుగా ఉన్నాడు, పైగా కెమెరాతో ఉన్నాడు.

"మీరెప్పుడూ చూసుండరు కదూ?" అని అడిగి, పుదీనా ఆకొకటి గిల్లి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఇది కుళాయి నీళ్ళదే అనుకోండి. చిన్న చినుకులు పడతాయి."

ముందు గిన్నెలు కడిగిన నీళ్ళు కాసిని పడ్డాయి. ఆయన నవ్వాడు. ఆ తర్వాత పడింది నీళ్ళు కాదు.

గోరువెచ్చగా, గోధుమరంగులో, చిక్కగా పడింది. నెత్తిన పడి, కనుబొమల మీదుగా జారి, పెదవుల దాకా వచ్చింది. ఆ చేదు ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది. తన పొడి. తను తడిసి ఒప్పుకున్న పొడి. చెంచా చెంచాగా, గ్లాసు గ్లాసుగా, అన్ని పొద్దుటి పూటలదీ కలిపి ఒక్కసారే కురిసింది. ఎంతకీ ఆగలేదు. చొక్కా గోధుమరంగుకి తిరిగింది. ఆయన చెప్పుల కింద పెరడు బురదైంది.

ఆగేసరికి అక్క గుమ్మంలో ఉంది. పాత గౌను ఆవిడ మీద గుడారంలా వేలాడుతోంది.

"అక్కా," అన్నాడు ఆయన, "ఇది..."

"ముందు ముఖం తుడుచుకో, కళ్ళు మండుతాయి."

"నువ్వు తాగలేదా?"

"మొదటి రోజు ఒక గుక్క తాగాను. అబ్బ, ఏం చేదురా అది! గొంతు దిగలేదు. నువ్వొచ్చి డబ్బా ఎంత తగ్గిందో మూత తీసి చూస్తావాయె. అందుకే రోజూ కలిపి, నీ ఫోను వచ్చేలోపే ఇందులో పోసేదాన్ని."

"నాకు చెప్పలేదేం?"

"రోజూ చెప్పాను కదరా, పారబోశానని. నువ్వు నవ్వేవాడివి."

ఫోటోలాయన కెమెరా మూత మెల్లిగా పెట్టేశాడు. ఆ పొడి తాగి ఒళ్ళు మారినదంటూ ఉంటే ఆ ఇంట్లో పుదీనా ఒక్కటే. అది లావెక్కింది.

తడిచొక్కా గారు అక్క వైపు చూశాడు. నిన్నటిదాకా తను మురిసిపోయిన మెడ, చెంపలు, మణికట్టు. అవే. వాటి వెనక నిలబడి ఉందనుకున్న డబ్బా ఇప్పుడు లేదు. అది తప్పుకోగానే అక్కడ ఇంకేదో ఉన్నట్టు ఆయనకి తోచింది.

"మరి నువ్వెలా చిక్కావే?"

అక్క గౌను అంచు పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"నేనూ అదే అనుకుంటున్నానురా, కొన్నాళ్ళుగా" అంది. "అందరూ బాగున్నావు బాగున్నావు అంటుంటే బాగానే ఉంది. నీ పొడే అనుకుంటే, ఇంకేమీ కాదులే అనిపించేది. ఆ ఒక్క గుక్కే పనిచేసిందేమో అని కూడా అనుకున్నాను. నవ్వకు."

ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రికి తడిసిన చొక్కాతోనే వెళ్ళాడు. ఈసారి నిరాడంబరత కాదు, గుర్తు లేదు. డాక్టరమ్మ చిన్న వయసుది. అక్క పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు నొక్కి చూసింది. తర్వాత ఏవేవో పరీక్షలకి పంపింది. అవన్నీ వచ్చాక తమ్ముణ్ణీ బావనీ తన గదిలో కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ళుగా చిక్కుతున్నారావిడ?"

ఆ సంగతి లోకంలో తడిచొక్కా గారికంటే బాగా ఎవరికీ తెలీదు. బుగ్గల దగ్గర్నుంచి ఉంగరం దాకా వరసగా చెప్పాడు. చెబుతూ చెబుతూ తన గొంతులో పాత ఉత్సాహం వినపడి సిగ్గుపడి ఆగిపోయాడు.

"మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

"బాగుందనుకున్నామండీ."

"ఏం బాగుందనుకున్నారు?"

డాక్టరమ్మ కసిరేందుకు అడగలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

జబ్బు కడుపులో ఉంది. ఆపరేషను చేశారు. కొంత తీశారు, కొంత తీయలేకపోయారు. "ముందే వచ్చి ఉంటే వేరేగా ఉండేది" అంది డాక్టరమ్మ. "ఇంకొన్నాళ్ళు ఆగుంటే మాత్రం చెయ్యడానికేమీ మిగిలేది కాదు. మందులు వాడదాం. కాలం చిక్కింది మీకు. ఎంతో నన్నడక్కండి."

వరండాలో బల్ల మీద బావ పక్కన కూర్చున్నాడు తడిచొక్కా గారు.

"ఆ రోజు నీతో చెప్పాను కదా బామ్మర్దీ," అన్నాడు బావ, "కంచంలో వదిలేస్తోందని."

"చెప్పావు బావా."

బావ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

పనిలోకి తిరిగి వెళ్ళిన రోజు ఆయన తిన్నగా యజమాని గదికి వెళ్ళాడు. డబ్బా మీద తన బొమ్మ తీసేయమన్నాడు. యజమాని చెడ్డవాడు కాదు. అక్క సంగతి అడిగి తెలుసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కానీ తడిచొక్కా గారూ, మన పొడి ఆవిడ తాగనే లేదు కదా. మన వల్ల ఏం జరిగింది?"

"తాగలేదండీ."

"పొడి అసలుదే కదా?"

"అసలుదేనండీ."

"మరి మనం ఎక్కడ అబద్ధం చెప్పాం?"

ఆయన ఎంత వెతికినా ఆ అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోయాడు. ప్రతి మాటా నిజమే. బొమ్మ డబ్బా మీదే ఉండిపోయింది.

ముందుగదిలో ఎవరైనా పనిచేస్తుందా అని అడిగితే మాత్రం ఇప్పుడాయన నోట్లో చిటికెడు వేసుకోవడం లేదు. "అసలుదేనమ్మా. పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. ఎందుకో తెలీకుండా చిక్కుతూ ఉంటే సంతోషపడకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి" అంటున్నాడు. కొందరు వింతగా చూసి వెళ్ళిపోయారు. ఒకావిడ మాత్రం ముఖం పాలిపోయి, డబ్బా అక్కడే వదిలేసి, గబగబా ఆసుపత్రి వైపు నడిచింది. ఆవిడ ఏమైందో ఆయనకి తెలీదు. ఆ తర్వాత యజమాని మర్యాదగానే ఆయన్ని అమ్మకాల బల్ల దగ్గరికి రావద్దన్నాడు.

సాయంత్రాలు అక్క దగ్గరికి వెళ్తున్నాడు. మిషను తొక్కే ఓపిక ఆవిడకి లేదు. కిటికీ పక్కన ఎండ పడేచోట కుర్చీ వేయించుకుని, ఒళ్ళో ఎవరిదో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతుంది. ఒక గుండీకి ఒక సాయంత్రం పడుతుంది. ఆ చొక్కా ఎవరిదో గానీ అతనికి తొందర లేదు.

నిన్న ఆయన వెళ్ళేసరికి అక్క ముఖంలో ఏదో కళ ఉంది. మధ్యాహ్నం కంచంలో ఏమీ వదల్లేదట. బావ కూడా అవునన్నట్టు తలూపాడు.

"ఒరేయ్, ఇలా రా. వెలుతురు వైపు నిలబడు." అక్క కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంది. గౌను ముడతలు చేత్తో సర్దుకుంది. "చూసి చెప్పు. కాస్త లావయ్యానా?"

బల్ల మీద టేపు ఉంది. ఆయన చెయ్యి అటు వెళ్ళింది.

"టేపొద్దురా, దానికి మొహమాటం లేదు. నువ్వు చూసి చెప్పు."

ఆయన చూశాడు. మెడ చూశాడు, చెంపలు చూశాడు, తన కోసం చాచిన మణికట్టు చూశాడు. ఎండ ఒక పక్కనుంచి పడి ఆ చెంప నిండుగా కనిపిస్తోంది. రెండో చెంప నీడలో ఉంది. అక్క కళ్ళార్పకుండా ఆయన ముఖంలోకే చూస్తోంది.

ఏదో ఒకటి చెప్పాడు. ఏం చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. అక్క నవ్వి మళ్ళీ గుండీ అందుకుంది.

ఏ ఆకు ఏ వానలో తడిసిందో ఆయన చెప్పగలడు. ఎదురుగా కూర్చున్న అక్క నిన్నటికంటే పెరిగిందో తరిగిందో చూసి చెప్పడం మాత్రం ఆయనకి ఇప్పటికీ రాదు.